అయిదేళ్లు వాడాక వాట్సాప్ బిజినెస్: ఒక చేపల వ్యాపారి సమీక్ష

మాది విశాఖపట్నంలో చిన్న చేపల వ్యాపారం. మా ఆయన తెల్లవారుజామున నాలుగింటికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంలో సరుకు కొని, ఏడు లోపు పెదవాల్తేరులో మా షెడ్డుకి తెస్తారు. అక్కడ పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి ఇళ్లకి పంపుతాం. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, సీతమ్మధార, మరీ అడిగితే మధురవాడ దాకా. ఫోను పని మొత్తం నాది. 2020 ఆగస్టులో వాట్సాప్ బిజినెస్ యాప్, అంటే వ్యాపారుల కోసం వేరుగా ఉన్న వాట్సాప్, వేసుకున్నాను. యాప్ వచ్చింది 2018లో. అప్పటినుంచీ వాడినవాళ్లకి ఇందులో కొత్తేమీ కనిపించకపోవచ్చు. ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న చిన్న వ్యాపారులకి మాత్రం నా తిప్పలు కొన్ని తప్పుతాయని రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది స్టేటస్. మొదట్లో నేనూ అందరిలాగే పోస్టర్లు చేసేదాన్ని. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, మూల ఒక రొయ్య బొమ్మ, కింద ‘ధమాకా ఆఫర్’. రోజూ గంట పట్టేది. చూసేవాళ్లు చూసేవారు, అడిగేవాళ్లు లేరు. ఒకరోజు జ్వరంగా ఉండి పోస్టర్ చేయలేక, హార్బర్ నుంచి మా ఆయన పంపిన వీడియోనే అలాగే పెట్టేశాను. చెయ్యి వణుకుతోంది, వెనకాల వేలం పాట అరుపులు, మధ్యలో ఆయన దగ్గు. ఆయన ఒక కోనాం మొప్ప ఎత్తి ఎర్రగా ఉందని చూపించారు, అంతే. తొమ్మిది లోపు సరుకు అయిపోయింది. ఆ రోజు నుంచి పోస్టర్ మానేశాను. చేప కొనేవాడికి కావలసింది మొప్ప, కన్ను. హార్బర్‌కి వెళ్లి చూసుకునే తీరిక లేక మన దగ్గర కొంటున్నాడు కాబట్టి, ఆ చూపు మనం అరువిస్తే చాలు.

స్టేటస్ ఇరవై నాలుగు గంటలే ఉంటుందని కొందరు వ్యాపారులు విసుక్కుంటారు. బట్టల కొట్టుకి అది ఇబ్బందేమో. మాకు మాత్రం అచ్చు కొలిచి కుట్టినట్టుంది. నిన్నటి చేపా, నిన్నటి రేటూ రెండూ కనపడకుండా పోతాయి.

ఒక మెలిక ఉంది. మన స్టేటస్ వాళ్లకి కనపడాలంటే వాళ్ల నంబర్ మన దగ్గరా, మన నంబర్ వాళ్ల దగ్గరా సేవ్ అయి ఉండాలి. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుదీ అదే కథ. ఒక్కో లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు. కానీ మన నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి మెసేజ్ చేరదు. ఈ సంగతి తెలియక రెండు నెలలు గాలిలోకి మాట్లాడాను. తెలిసిన తర్వాత ఒకటే పని పెట్టుకున్నాను. మొదటి ఆర్డర్ ఇచ్చేటప్పుడు మా కుర్రాడు గుమ్మం దగ్గరే నిలబడి, “అమ్మా, నంబర్ సేవ్ చేసుకోండి, రేపటి చేప కనపడుతుంది” అంటాడు. ఎంత డిస్కౌంట్ ఇచ్చినా రాని ఫలితం దీనికి వచ్చింది. ఇంకోమాట, ఈ నిబంధన మంచిదే. మన మెసేజ్ వద్దనుకున్నవాళ్లు మనల్ని సేవ్ చేసుకోరు. చేప వద్దన్నవాడి గుమ్మం ముందు రోజూ గంప దించడం ఎందుకు?

గంప దించిన పాపం నేను చేశాను కాబట్టే చెప్తున్నాను. 2021లో ఆత్రం కొద్దీ నూట ఎనభై మందిని అడక్కుండా ఒక గ్రూపులో వేసేశాను. మొదటి రోజే నలభై మంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో ఒకాయన రోజూ సూర్యోదయం బొమ్మతో శుభోదయం పెట్టేవారు. ఇంకొకాయన భోగాపురం ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాల దూరంలో ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టారు. మూడో వారంలో ఒకావిడ “కిలో రొయ్యలు మొన్నటికంటే నలభై ఎక్కువ ఎందుకు?” అని అందరిముందూ అడిగారు. రేటు పెరిగింది నిజమే. వేలంలో ఆ రోజు సరుకు తక్కువ వచ్చింది. కానీ నూట నలభై మంది ముందు చెప్పే సమాధానం ఏదైనా సాకులాగే వినిపిస్తుంది. ఆ రాత్రే గ్రూపు మూసేశాను. బేరం ఎప్పుడూ ఇద్దరి మధ్యే ఉండాలి.

ఇప్పుడు స్వాగత సందేశం సంగతి. యాప్‌లో ఒక సదుపాయం ఉంది. కొత్తవాళ్లు మెసేజ్ పెట్టగానే మనం ముందే రాసిపెట్టుకున్న పలకరింపు దానంతట అదే వెళ్తుంది. నేను ముచ్చటపడి, “నమస్కారం! మా దగ్గరికి మొదటిసారి వచ్చినందుకు సంతోషం” అని రాసుకున్నాను. నేను చదవనిది ఏమిటంటే, పద్నాలుగు రోజులు మాటామంతీ లేకపోతే పాతవాళ్లకి కూడా అదే వెళ్తుంది. మన ఊళ్లో చేపలు తినేవాళ్లు పద్నాలుగు రోజులు ఎప్పుడు ఆగుతారు? కార్తీకంలో. కార్తీక మాసం అయిన మర్నాడు పొద్దున్నే సీతమ్మధార నుంచి మా మొట్టమొదటి ఖాతాదారు, డెబ్బై దాటిన పెద్దావిడ, నెల్లాళ్ల తర్వాత చందువలు ఉన్నాయా అని అడిగారు. వెంటనే నా స్వాగతం వెళ్లింది. రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. “ఏటమ్మా, నెల్లాళ్లు తినకపోతే నేను కొత్తదాన్ని అయిపోయానా? నీ పెళ్లికాకముందు నుంచి మీ అత్తగారి దగ్గర కొన్నదాన్ని.” ఆ రోజు అలా ఇరవై మందికి పైగా వెళ్లింది. అందరికీ ఫోన్ చేసి నవ్వుతూ క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత ఆ సందేశాన్ని “నమస్కారం, చెప్పండి” అని మార్చేశాను. కొత్తవాళ్లకీ పాతవాళ్లకీ సరిపోతుంది.

కేటలాగ్ గురించి అందరూ గొప్పగా చెప్తారు. ఫోటో, పేరు, రేటు పెట్టుకుంటే చిన్న దుకాణంలా ఉంటుంది, నిజమే. రోజుకో రేటు ఉండే సరుకుకి మాత్రం కష్టం. ధర ఖాళీగా వదిలేయొచ్చు కాబట్టి నేను వదిలేశాను. అసలు చిక్కు పేర్లతో వచ్చింది. మనం కోనాం అంటాం. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు వంజరం అంటారు. నేవీ క్వార్టర్స్‌లో ఉత్తరాదివాళ్లు సుర్మాయి అంటారు. మూడూ ఒకటే చేప. మొదట కోనాం అని మాత్రమే రాస్తే, నేవీ వాళ్లు సుర్మాయి లేదా అని అడిగి, లేదనుకుని వెళ్లిపోయేవారు. కానాగంతలకి బంగుడా, రొయ్యలకి ఝీంగా. ఇప్పుడు ప్రతి చేపకీ మూడు పేర్లు వరసగా రాశాను. ఈ ఒక్క మార్పుకి వచ్చినన్ని కొత్త ఇళ్లు ఏ ప్రకటనకీ రాలేదు.

ప్రకటన అంటే గుర్తొచ్చింది. 2022లో ఒక మార్కెటింగ్ ఏజెన్సీ వాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో మమ్మల్ని ‘బ్రాండ్’ చేస్తామన్నారు. మూడు నెలలకి నలభై అయిదు వేలు. చెయ్యలేదని కాదు, చేశారు. మా కుర్రాడు పన్నెండు కిలోల కోనాంని కత్తిపీట మీద ముక్కలు కొడుతున్న రీల్‌కి లక్షా ఎనభై వేల వ్యూస్ వచ్చాయి. వాడు వీధిలో హీరో అయిపోయాడు. ఆ వారం వచ్చిన కొత్త ఆర్డర్లు తొమ్మిది. అందులో నాలుగు హైదరాబాద్ నుంచి, ఒకటి దుబాయ్ నుంచి. రీల్ ఎవరికి నచ్చుతుందో వాళ్లకి వెళ్తుంది, మా బండి ఎంతదూరం వెళ్తుందో దానికి తెలియదు. చీరలకీ, ఏటికొప్పాక బొమ్మలకీ అది వరమే, పార్సిల్ కట్టి ఎక్కడికైనా పంపొచ్చు. ఐసు కరిగే లోపు చేరాల్సిన సరుకుకి పది కిలోమీటర్ల లోపు మనుషులు కావాలి. యాడ్‌కి డబ్బు పెట్టేటప్పుడు ఎంత దూరం లోపువాళ్లకి కనపడాలో మనమే ఎంచుకోవచ్చని ఆ తర్వాత తెలిసింది. మూడు నెలల్లో ఆ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఇప్పటికీ ఉంది, వారానికో వీడియో పెడతాం. అది మా కుర్రాడి సంతోషం కోసం.

మా వ్యాపారాన్ని నిలబెట్టింది మాత్రం నేను అసలు ప్రచారమే అనుకోని ఒక మెసేజ్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు కడలిలోకి వెళ్లవు. ఆ రోజుల్లో బజారులో దొరికేది ఎక్కువగా చెరువు సరుకు, లేదా ఐసులో దాచింది. మొదటి ఏడాది నేనూ ‘తాజా చేపలు’ అనే పెట్టాను. 2022లో మా ఆయన ఒకరోజు విసుగ్గా, “ఉన్నదున్నట్టు రాసెయ్” అన్నారు. రాశాను: ‘వేట లేదు. ఈరోజు ఉన్నవి చెరువు రొయ్యలు, చెరువు పండుగప్ప. సముద్రం చేప కావాలంటే జూన్ 15 తర్వాత.’ భయంభయంగా పంపాను. అమ్మకం ఆ వారం తగ్గింది. జూన్ 15న తెల్లారకముందే ఫోను మోగడం మొదలైంది. వేట మొదలైన రోజే చేపలు వచ్చెయ్యవనీ, బోట్లు వెళ్లి తిరిగి రావడానికి రోజులు పడుతుందనీ అందరికీ విడివిడిగా చెప్పాల్సివచ్చింది.

అల్పపీడనం వచ్చినప్పుడూ అంతే. ‘బోట్లు వెళ్లలేదు, ఈరోజు వద్దు’ అని పెడతాను. నెలలో రెండు మూడుసార్లు వద్దనే మనిషి కొనమన్న రోజున జనం మారు మాట్లాడకుండా కొంటారు. దీన్ని మార్కెటింగ్ పుస్తకాల్లో ఏమంటారో నాకు తెలీదు. మా అత్తగారు గంపతో వీధులు తిరిగినప్పుడు కూడా, చేప మెత్తబడితే ఆ వీధిలోకి వెళ్లేవారు కాదట.

ఒకసారి దెబ్బ తిన్నాం కూడా. పోయిన వేసవిలో ఒక ఇంటికి వెళ్లిన నెత్తళ్లు వాసన వచ్చాయి. తప్పు మాదే, ఐసు తక్కువ వేశాం. ఆవిడ మాకు చెప్పలేదు. ఫోటో తీసి వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో ఉన్న ఒక ఖాతాదారు నాకు స్క్రీన్‌షాట్ పంపేసరికి మధ్యాహ్నం రెండయింది. టెన్షన్‌తో నాలుగు పేజీల సంజాయిషీ టైపు చేశాను, మా ఆయన చదివి చెరిపేశారు. సాయంత్రం ఇద్దరం వాళ్లింటికి వెళ్లి డబ్బు తిరిగి ఇచ్చాం, తప్పయిందన్నాం. ఆవిడ తలుపు సగమే తీసి డబ్బు తీసుకున్నారు. తర్వాత ఎప్పుడూ ఆర్డర్ పెట్టలేదు, ఆ ఫోటో కూడా తియ్యలేదు. అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో మూడు ఇళ్లు మాత్రం ఇప్పటికీ కొంటున్నాయి. సోషల్ మీడియాలో ఫిర్యాదుని అవకాశంగా మార్చుకోవచ్చని చెప్పేవాళ్లని చూస్తే నాకు ఆ సగం తెరిచిన తలుపే గుర్తొస్తుంది.

2023 నవంబర్ 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. మర్నాడు కార్తీక సోమవారం. చేపల మాటే ఎత్తని రోజు. అయినా పొద్దున్నుంచీ మెసేజ్‌లు: “మీవాళ్లు క్షేమమేనా?”, “అన్నయ్య ఇంటికొచ్చారా?” మాకు బోటు లేదు, మేం కొనేవాళ్లమే. కానీ మాకు చేప ఇచ్చేవాళ్లలో ఇద్దరివి పోయాయి. ఆ రోజు నేను ఒక్కటే స్టేటస్ పెట్టాను, మేం బాగానే ఉన్నామని. చూసినవాళ్ల సంఖ్య మామూలు రోజులకి రెట్టింపు ఉంది. ఆ రోజు మా దగ్గర అమ్మడానికి ఏమీ లేదు.

చిన్న చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను. ఫోను కాక ఇంకో నాలుగు పరికరాల్లో అదే ఖాతా తెరవొచ్చు. షెడ్డులో కంప్యూటర్‌లో పెట్టాం, సుఖంగా ఉంది, కాకపోతే నేనూ కుర్రాడూ ఒకే మనిషికి చెరో రేటు చెప్పిన రోజులున్నాయి. బ్యాకప్ తప్పనిసరి. నా ఫోను ఒకసారి రొయ్యల తొట్టిలో పడింది. డబ్బు పంపినట్టు వచ్చే స్క్రీన్‌షాట్‌ని నమ్మొద్దు, బ్యాంకులో పడిందో లేదో చూశాకే సంచి ఇవ్వండి. రెండంచెల పిన్ పెట్టుకోండి, వాట్సాప్ నుంచి వచ్చే ఆరంకెల కోడ్ ఎవరడిగినా చెప్పకండి. నంబర్ పోతే నంబర్‌తోపాటు ఊరంతా పోయినట్టే.

ఇక లేబుల్స్. చాట్‌లకి రంగురంగుల గుర్తులు తగిలించుకునే సదుపాయం. మొత్తం ఇరవై పెట్టుకోవచ్చు. యాప్ ముందే ఇచ్చినవి కొన్ని ఉంటాయి: కొత్త కస్టమర్, కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, అలాంటివి. మిగతావి నేను పెట్టుకున్నాను. ‘తల వద్దు.’ ‘తల కావాలి, తోక కూడా.’ ‘చిన్న ముక్కలు.’ ‘శనివారం తినరు.’ ‘మార్గశిర గురువారాలు తినరు’, వీళ్లు కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి బురుజుపేట వెళ్లేవాళ్లు. ‘మాల వేసుకున్నారు’, నవంబర్ నుంచి సంక్రాంతి దాకా ఇది నిండిపోతుంది, వాళ్లకి పొరపాటున కూడా పీతల ఫోటో వెళ్లకూడదు. ‘వాయిస్ మాత్రమే’, చదవలేని పెద్దవాళ్లు. ‘కాలింగ్ బెల్ కొట్టొద్దు, పసిబిడ్డ.’ ఈ యాప్‌లో నేను రోజుకి పదిసార్లు తెరిచేది ఇదే. మా అత్తగారి తలలో ఉండే లెక్క ఇది, ఇప్పుడు ఫోనులో ఉంది.

మొన్న సీతమ్మధార పెద్దావిడ వాయిస్ పంపారు, డాక్టరు రొయ్యలు మానమన్నారని. దానికో లేబుల్ పెడదామంటే ఇరవై ఎప్పుడో నిండిపోయాయి. ఒకటి తీసెయ్యాలి. కిందకీ పైకీ చూసి, ‘కొత్త కస్టమర్’ తీసేశాను.