ఇంట్లో కుట్టిన మోదుగ విస్తళ్లు: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనం విస్తరాకుల్లోనే. పండగలు, వ్రతాల సంగతి వేరు. నేను చెప్పేది మామూలు పప్పు, వేపుడు, చారు, పెరుగుతో తినే రోజు సంగతి. ఆ విస్తళ్లు కూడా మేం కుట్టుకున్నవే. కొన్నేళ్లుగా ఇలాగే నడుస్తోంది. చూసినవాళ్లందరూ అడిగే ప్రశ్నలు ఒకటే రకం: చారు కారిపోదా? పురుగు పట్టదా? కుట్టే ఓపిక ఎవరికుంది? అందుకే ఇన్నాళ్ల వాడకంలో ఏది బాగుందో, ఏది ఇబ్బంది పెట్టిందో వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటిల్లిపాదీ కలిసి తినే భోజనానికి వీటిని మించింది లేదు. పెద్ద ఫంక్షన్‌కి మాత్రం ఇంట్లోనే కుట్టాలని పెట్టుకోకండి.

మేముండేది ఖమ్మంలో. అత్తమ్మ ఉండేది ఇల్లెందు వైపు పల్లెలో. అక్కడ చేల గట్ల మీద, ఊరి బయట బీళ్లలో మోదుగ చెట్లకు కొదవ లేదు. మోదుగకి ఒక్కో కాడకి మూడేసి ఆకులు వస్తాయి. నడిమి ఆకు పెద్దగా, గుండ్రంగా ఉంటుంది. పక్క ఆకులు రెండూ కాస్త వంకర. నడిమి ఆకు విస్తరి మధ్యలోకి, పక్కవి చుట్టూ అంచుకి వెళ్తాయి. చలికాలం వెళ్లేసరికి చెట్టు ఆకు రాల్చేసి, హోలీ నాటికి ఎర్రటి పూలతో నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చే లేతాకు మెత్తగా నూగు నూగుగా ఉంటుంది, దాంతో కుడితే చిరిగిపోతుంది. ఎండాకాలం ముగిసే వేళకి ఆకు ముదిరి దళసరిగా తయారవుతుంది. తొలకరి పడకముందే కోసుకోవాలి. వానలు మొదలయ్యాక కోసిన ఆకు సరిగ్గా ఆరదు, ఆరకుండా కట్ట కడితే లోపల బూజు పడుతుంది.

కోసిన ఆకుల్ని తాడుకి గుచ్చి ఆరబెట్టి, తర్వాత దొంతరగా పేర్చి పైన బరువు పెడతాం. అలా పెట్టకపోతే ఆకు ముడుచుకుపోయి కుట్టడానికి లొంగదు. ఎండిన ఆకుని ఉన్నపళంగా తీసి పుల్ల గుచ్చితే అప్పడంలా విరుగుతుంది. అందుకే కుట్టే ముందు నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. పొద్దున చుట్టి పెడితే సాయంత్రానికి మెత్తబడుతుంది. "గట్టిగ లాగకు బిడ్డా, ఆకు తడి మీదుంటెనే మాట వింటది" అని అత్తమ్మ మొదట్లో నా పక్కన కూర్చుని ఎన్నిసార్లు చెప్పిందో.

పుల్లల విషయంలో ఆమెకీ నాకూ తేడా ఉంది. ఆమె జొన్న దంటు పైబెరడుని సన్నగా చీల్చి వాడుతుంది. నేను కొబ్బరి ఈనెను నిలువునా చీల్చి వాడతాను, ఎందుకంటే పట్నంలో దొరికేది అదే. జొన్న పుల్ల తేలిగ్గా గుచ్చుకుంటుంది, తేలిగ్గా విరుగుతుంది. కొబ్బరి ఈనె గట్టిది, కుట్టు బాగా నిలుస్తుంది, కానీ విరిచిన చోట మొన వాడిగా ఉంటుంది. పిల్లలున్న ఇల్లయితే ఇది గుర్తుంచుకోవాలి.

కుట్టడం చూడ్డానికి కష్టంగా ఉంటుంది కానీ పద్ధతి చిన్నదే. నడిమి ఆకు వేసి, దాని అంచు మీదకి రెండు వేళ్ల మందం ఎక్కేలా పక్క ఆకు పెట్టాలి. పుల్లని పైనుంచి కిందికి గుచ్చి, గోరంత దూరంలో మళ్లీ పైకి తీసి, మిగిలింది విరిచేయాలి. అలా చుట్టూ తిరిగి రావాలి. మోదుగ అయితే పెద్దవాళ్లు తినే విస్తరికి ఆరు నుంచి ఎనిమిది ఆకులు పడతాయి. అత్తమ్మ పుల్ల వంక చూడదు. నాతో మాట్లాడుతూనే గుచ్చి, బొటనవేలి గోటితో టక్కున విరిచి, ఆకు తిప్పేస్తుంది. ఆమె కుట్టినదాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తే ఆకుకీ ఆకుకీ మధ్య సందు కనపడదు. విస్తరి మంచిదో కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. కుట్టు చోట వెలుతురు గీతలా కనపడిందంటే చారు అక్కడి నుంచే కారుతుంది.

ఇంకో మాట. ఆకుకి నున్నటి వైపు ఒకటి, నూగు వైపు ఒకటి ఉంటాయి. నున్నటి వైపు పైకి రావాలి. అన్ని ఆకులూ ఒకే తీరుగా ఉంటే అన్నం అంటుకోదు, చెయ్యి సాఫీగా తిరుగుతుంది.

ఇక తినే సంగతి. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, బెండకాయ వేపుడు, ఇలాంటివాటికి ఏ విస్తరైనా సరిపోతుంది. అసలు పరీక్ష పచ్చిపులుసుది. మా ఇంట్లో పచ్చిపులుసు పల్చగా చేస్తారు, అన్నం మీద పోస్తే ఆగకుండా పారుతుంది. మోదుగ విస్తరిలో దాన్ని పోసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అన్నం మధ్యలో గుంట చేసి, అందులో కొంచెం కొంచెంగా పోసుకుంటూ కలుపుకోవాలి. ఒక్కసారి గరిటెడు కుమ్మరిస్తే ఎంత బాగా కుట్టిన విస్తరైనా అంచు వైపు దారి ఇచ్చేస్తుంది. మా చిన్నోడికి ఆ ఓపిక లేదు, అందుకని వాడికి రెండు విస్తళ్లు ఒకదాని మీద ఒకటి వేస్తాను. చారు, మజ్జిగ దాకా ఇబ్బంది లేదు. కోడికూర పులుసు కూడా బాగానే నిలుస్తుంది. పాయసానికి మాత్రం దొన్నె తప్పనిసరి. రెండు ఆకుల దొన్నె అయితే తినేంతసేపు ఆగుతుంది, వడ్డించి పక్కన పెట్టి మర్చిపోతే మాత్రం అడుగు తడుస్తుంది.

వేడి వేడి అన్నం పడగానే మోదుగాకు నుంచి ఒక వాసన వస్తుంది. ఎండిన ఆకుది లేత వాసన, అన్నంతో కలిసి బాగుంటుంది. పచ్చి ఆకుతో అప్పటికప్పుడు కుట్టినదాంట్లో తింటే పసరు వాసన కాస్త ఎక్కువగా తగులుతుంది, మావారికి అది నచ్చదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకి వెళ్లినప్పుడు మాత్రం పచ్చాకులే తీసుకెళ్తాం. బయట గాలిలో ఆ వాసన ఎవరూ పట్టించుకోరు.

ఫ్యాన్ కింద కూర్చుంటే మాత్రం ఖాళీ విస్తరి నిలవదు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందన్న సామెత మా పిల్లలకి ఎవరూ నేర్పలేదు, ఆదివారం ఆదివారం కళ్లతోనే చూస్తారు. ముందు నీళ్లు చిలకరించి తుడిచి, ఒక మూల ఉప్పు, ఊరగాయ, కూర వడ్డించేస్తే కుదురుగా ఉంటుంది.

స్టీలు కంచంతో పోలిస్తే పెద్ద తేడా ఇంకోటి ఉంది, దానికోసమే నేను ఈ పని ఇన్నాళ్లు కొనసాగించాను. విస్తరిని చేత్తో ఎత్తి టీవీ ముందుకి తీసుకెళ్లలేరు. వడ్డించాక కదిలించడం కష్టం. కాబట్టి అందరం ఒకేసారి కూర్చోవాల్సిందే, ఎవరో ఒకరు వడ్డించాల్సిందే. మా ఇంట్లో వారం రోజులూ ఒకరు ఏడింటికి, ఒకరు తొమ్మిదింటికి, ఇంకొకరు ఫోన్ చూస్తూ తింటారు. ఆదివారం ఒక్కపూట వరసగా కూర్చుంటాం. వడ్డన మావారిది. తమ్ముడు, మరదలు వచ్చిన రోజున పిల్లలు వడ్డిస్తామని పోటీ పడతారు, పెద్దది ఉప్పు దగ్గర మొదలుపెట్టి వరస తప్పకుండా వేసుకుంటూ పోతుంది. గిన్నెలు ఎలాగూ తోమాలి, కానీ కంచాల గుట్ట తప్పుతుంది. ఆదివారం మధ్యాహ్నం అది నాకు చాలా పెద్ద సుఖం.

మోదుగ దొరకని వాళ్లు బాదం ఆకుతో కుట్టుకోవచ్చు. పట్నాల్లో వీధికొకటి ఉంటుంది బాదం చెట్టు. ఆకు పెద్దది, నాలుగైదుతోనే విస్తరి అయిపోతుంది, పిల్లలు నేర్చుకోవడానికి దీనికి మించిన ఆకు లేదు. కాకపోతే పచ్చిగా ఉన్నప్పుడే కుట్టి ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. ఎండితే అంచులు పైకి లేచిపోతాయి, నిల్వకి పనికిరాదు. రోడ్డు పక్క చెట్టు ఆకైతే దుమ్ము బాగా కడగాలి.

అన్నిటికంటే గట్టిది అడ్డాకు. పాడేరు, అరకు వైపు మన్యంలో పెరిగే పెద్ద తీగ ఆకు అది, కొసన రెండుగా చీలి ఉంటుంది. ఒడిశాలో దీన్నే సియాలి అంటారు, అక్కడా విస్తళ్లు కుడతారు. విశాఖలో ఉండే మా పిన్ని వచ్చినప్పుడల్లా ఒక కట్ట తెస్తుంది. మోదుగ కంటే దళసరి, ఆకులు తక్కువ పడతాయి, పచ్చిపులుసు ఎంత పోసినా చెక్కుచెదరదు. ఒక్క గట్టిదనం వరకే చూస్తే నా మొదటి మార్కు అడ్డాకుకే. కానీ ఖమ్మంలో ఉండి దాన్ని నమ్ముకోలేను, మోదుగ నా చేతికందేది.

నిల్వ విషయంలో కష్టం ఉంది, దాచను. వానాకాలం నాలుగు నెలలూ టెన్షనే. కుట్టిన విస్తళ్లని పూర్తిగా ఆరాక పాత న్యూస్‌పేపర్లో చుట్టి, గోడకి తగలకుండా పైన కట్టాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి పాడవుతాయి. వారానికోసారి తీసి చూడాలి, ఎండ వచ్చిన రోజు కాసేపు ఎండకి వేయాలి. పండుగల నాటికి నాలుగో వంతైనా అంచులు పెళుసెక్కి పారేయాల్సి వస్తుంది. వాడే ముందు ప్రతిదాన్నీ తడిగుడ్డతో రెండు వైపులా తుడవాలి, అప్పుడే పుల్లలు వేలితో తడిమి చూడాలి. పైకి లేచిన పుల్ల ఉంటే అన్నంలోకి వస్తుంది. మరీ చిన్నపిల్లలకి నేను విస్తరిలో పెట్టను, గిన్నెలోనే తినిపిస్తాను.

బజారులో మెషిన్ మీద ఒత్తిన ఆకు ప్లేట్లు కూడా వాడాను. గుండ్రంగా, అంచు లేచి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఒకసారి ఒక కొట్లో తెచ్చినవి నానబెట్టి విడదీస్తే, ఆకుకీ అట్టకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర బయటపడింది. అన్నీ అలాగే ఉంటాయని అనను, కొనేటప్పుడు ఒకటి చించి చూడండి. ప్లాస్టిక్, థర్మాకోల్ ప్లేట్ల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. కాగితం ప్లేట్లలో చాలావాటికి నీళ్లు ఆపేది లోపలి ప్లాస్టిక్ పూతే. ఆ పూత మీద మరిగే చారు పోసుకోవడం నాకు ఇష్టం ఉండదు.

తిన్నాక ఎత్తిన ఆకుల్ని మేడ మీద పాత డ్రమ్ములో వేస్తాం. మెతుకులు, ఎముకలు దులిపేసి, ఆకులు చింపి వేసి, పైన మట్టి కప్పితే వాసన రాదు. ఆకు కొన్ని నెలల్లో నలిగి మట్టిలో కలుస్తుంది. కొబ్బరి ఈనెలు మాత్రం అలాగే మిగులుతాయి, జల్లించి తీసేస్తాను. పశువులకి వేసే అలవాటు ఉన్నవాళ్లు పుల్లలు తీసి వేయడం మంచిది, అత్తమ్మ తప్పకుండా తీస్తుంది.

పెద్ద ఫంక్షన్‌కి వద్దని ఎందుకన్నానంటే, చేయి తిరిగినవాళ్లు కుట్టినా విస్తరి విస్తరికీ టైమ్ పడుతుంది, పైగా ఒక్కటి కారినా వచ్చినవాళ్ల బట్టలు పాడవుతాయి. అలాంటప్పుడు కుట్టి అమ్మేవాళ్ల దగ్గర మోదుగవో, అడ్డాకువో కట్టలు కొనుక్కోండి. అది వాళ్ల బతుకుతెరువు, బేరం మరీ లాగకండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బాదం ఆకులు, కొబ్బరి ఈనెలు తీసుకుని ముందు దొన్నెలు కుట్టి చూడండి. ఒక్క ఆకుని గరాటులా మడిచి ఒక్క పుల్ల గుచ్చితే అయిపోతుంది. అందులో గుగ్గిళ్లో, మరమరాలో వేసి పిల్లలకి ఇవ్వండి. చేయి కుదిరాక విస్తరికి రండి. మోదుగాకు కోయాలంటే మాత్రం తొలకరి లోపే ఊరికి వెళ్లాలి.