మూడేళ్లు వాడిన సెక్యూరిటీ సూట్: వైరస్‌లకు పర్వాలేదు, వైఫైకి మాత్రం అడ్డం

మూడేళ్ల లైసెన్స్ కొని, అది అయిపోయే దాకా వాడి రాస్తున్నాను. యాంటీవైరస్, ఫైర్‌వాల్ (నెట్‌లో వచ్చేదాన్నీ పోయేదాన్నీ కాపలా కాసే భాగం), బ్యాంకింగ్ బ్రౌజర్ అన్నీ ఒకే ప్యాకేజీలో వచ్చే రకం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే గొడవ ఇంకో కంపెనీ సూట్‌లోనూ కళ్లారా చూశాను. ముందే తేల్చి చెప్తాను: వైరస్‌లు పట్టడంలో దానికి వంక పెట్టను. కానీ ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని నాలుగు ఊళ్లు తిరిగి, పోయిన చోటల్లా అక్కడి వైఫై వాడుకోవాల్సిన పని మీదైతే దాని ఫైర్‌వాల్ జోలికి పోవద్దు.

నేను కడపలో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్న్‌లు వేస్తాను. ఏడు రోడ్ల దగ్గర అంగళ్లు, యర్రగుంట్ల వైపు బండల పాలిషింగ్ యూనిట్లు, ప్రొద్దుటూరులో బట్టల షాపులు, ఒక్కో చోట ఒక్కో రౌటర్. బిల్లులన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, ఆ పెన్‌డ్రైవ్ అంతకు ముందు ఏ జిరాక్స్ షాపులో తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే ఆ వైరస్ చాలామందికి తెలిసిందే కదా, దాన్ని ఈ సూట్ పెన్‌డ్రైవ్ గుచ్చగానే పట్టేసేది, ఒక్కసారి కూడా వదల్లేదు. అందుకే అన్నాళ్లు వాడాను.

ఫైర్‌వాల్ గొడవ ఒక పెద్ద అప్‌డేట్ తర్వాత మొదలైంది. కొత్త చోటికి పోయి వైఫై పాస్‌వర్డ్ కొడితే కనెక్ట్ అవుతుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, కానీ కింద పసుపు గుర్తు పడి ‘నో ఇంటర్నెట్, సెక్యూర్డ్’ అని వస్తుంది. అదే వైఫై మీద ఫోన్‌లో వీడియోలు ఆగకుండా ఆడుతుంటాయి. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్న్ 11వ తేదీ లోపల, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ 20వ తేదీ లోపల పడాలి, దాటితే పన్ను కట్టాల్సిన రిటర్న్‌కి రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, పైన వడ్డీ. 20వ తేదీ సాయంత్రం ఓనరు పక్కన కూర్చుని "అయిపాయనా అన్నా?" అని అడుగుతుంటే ఆ పసుపు గుర్తు చూస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

పాస్‌వర్డ్ ఒప్పుకుని నెట్ మాత్రం రాకపోవడం చాలామందిని తికమక పెడుతుంది. జరిగేది ఇదీ. వైఫై కలవడం, పాస్‌వర్డ్ సరిచూసుకోవడం ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుకీ రౌటర్‌కీ మధ్య కింది స్థాయిలో అయిపోతుంది, ఫైర్‌వాల్ అక్కడ చేయి పెట్టదు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ రౌటర్‌ని ‘నాకొక ఐపీ అడ్రస్ ఇవ్వు’ అని, అంటే ఆ నెట్‌వర్క్‌లో తనకొక నంబరు ఇవ్వమని అడగాలి, దాన్నే డీహెచ్‌సీపీ అంటారు. రౌటర్ 67వ నంబరు పోర్టు నుంచి పంపే జవాబు మన ల్యాప్‌టాప్ 68వ పోర్టుకి వస్తుంది, పోర్టు అంటే ఒక్కో పనికి ఒక్కో నంబరు వేసిన తలుపు లాంటిది. కొత్త నెట్‌వర్క్ కనబడితే నా సూట్ ‘ఇది ఇల్లా, పబ్లిక్ ప్లేసా’ అని అడిగేది, మనం చూసేలోపే ఆ డబ్బా మాయమైతే పబ్లిక్ కింద రాసేసుకుని ఆ జవాబుని కూడా గుమ్మంలోనే ఆపేసేది. జవాబు రాకపోతే విండోస్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది. దాంతో బయటికి పోలేం.

దీని మీద అందరూ తలా ఒకటి చెప్పారు. ఫైబర్ కనెక్షన్ అబ్బాయి వచ్చి, "లైన్ బాగుందన్నా, నీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది, రౌటర్ మార్చినా ఇంతే" అన్నాడు. ఆ మాట నిజమే. ఒక సర్వీస్ సెంటర్‌లో మాత్రం చూడగానే వైఫై కార్డు పోయింది, మార్చాలి అన్నారు, ఫైర్‌వాల్ అనే మాటే ఎత్తలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దీనికే. కార్డు పోయిందో లేదో తేల్చడానికి పైసా ఖర్చు లేదు. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ మీద ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే చాలు. అప్పుడు వైఫై కార్డుతో పనే లేదు, ఫోనే ఇంకో నెట్‌వర్క్ కార్డులా పనిచేస్తుంది. అందులోనూ అదే 169.254 వస్తే కార్డు మీద అనుమానం వదిలేయొచ్చు, అడ్డం పడుతున్నది లోపల సాఫ్ట్‌వేరే. నా ల్యాప్‌టాప్‌లో సరిగ్గా అదే జరిగింది.

మీకూ ఇలాగే ఉంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 169.254 కనబడితే పైన చెప్పిన కథే. 192.168తో మొదలయ్యే మామూలు అడ్రస్ కనబడితే అక్కడే ‘డిఫాల్ట్ గేట్‌వే’ అని ఉండే నంబరుకి, అంటే రౌటర్‌కి, పింగ్ చేయండి (పలుకుతుందో లేదో అని పిలిచి చూసే కమాండ్), తర్వాత గూగుల్ సర్వర్ 8.8.8.8కి, ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. నంబరుకి జవాబు వచ్చి పేరుకి రాలేదంటే సైట్ పేరుని నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర ఆగింది, అంటే 53వ పోర్టు. కొన్ని రౌటర్లు పింగ్‌కి జవాబివ్వవు కాబట్టి గేట్‌వే పలకనంత మాత్రాన భయపడొద్దు. ఇంకో రకం కూడా ఉంది: నెట్ బ్రహ్మాండంగా వస్తుంటుంది, కానీ విండోస్ మాత్రం ‘నో ఇంటర్నెట్’ అంటుంది. నెట్ ఉందా లేదా అని విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఒక చిన్న ఫైల్ తెరిచి చూసుకుంటుంది, ఫైర్‌వాల్ దాన్ని ఆపితే గుర్తు తప్పు చూపిస్తుంది, కొన్ని ప్రోగ్రాంలు ఆ గుర్తును నమ్మి పనిచేయడం మానేస్తాయి.

ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూస్తే సరిపోదా అంటే, సరిపోదు. గడియారం పక్కన ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిజేబుల్’ కొట్టినా నాకు నెట్ రాలేదు. పైన కనబడే ప్రోగ్రాం ఆగుతుంది కానీ అది నెట్‌వర్క్ కార్డుకి తగిలించిన ఫిల్టర్ డ్రైవర్, అంటే వచ్చేపోయేదాన్ని వడకట్టే చిన్న ప్రోగ్రాం, అక్కడే కూర్చుని ఉంటుంది. దాన్ని చూడాలంటే విండోస్ మీటా ఆర్ మీటా కలిపి నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి, వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. చిన్న జాబితా వస్తుంది, ఐపీ వెర్షన్ 4, వెర్షన్ 6, ఫైల్ షేరింగ్ లాంటి వాటి మధ్యలో నా సూట్ పేరుతో ఒక లైను, పక్కన టిక్. ఆ టిక్ తీసి ఓకే కొట్టాను. పసుపు గుర్తు పోయింది, మెయిల్స్ దబదబా దిగాయి. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. విండోస్ సొంత లైన్లు మాత్రం ముట్టుకోకండి.

ఆ టిక్ తీసి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను కానీ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది మళ్లీ పడేది. చివరికి మొత్తం తీసేశాను. సెట్టింగ్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే ముక్కలు మిగిలిపోతాయి, పెద్ద కంపెనీలు చాలావరకు తమ సూట్ తీసేయడానికి విడిగా ఒక రిమూవల్ టూల్ ఇస్తాయి, దాన్ని ఆ కంపెనీ సైట్ నుంచే దించుకుని నడపాలి. తర్వాత నెట్‌వర్క్ సెట్టింగులు మొదటికి రావడానికి కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్, నెట్‌ఎస్‌హెచ్ ఐఎన్‌టీ ఐపీ రీసెట్ కొట్టి రీస్టార్ట్ చేయాలి. మీ ఆఫీసులో ఐపీ అడ్రస్ చేత్తో పెట్టి ఉంటే ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, రెండో కమాండ్ దాన్ని తుడిచేయొచ్చు.

ఇంకో రెండు ఫిర్యాదులు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో రిటర్న్ సైన్ చేయాలంటే ఎంసైనర్ అనే ప్రోగ్రాం నడవాలి, అది బ్రౌజర్‌తో మాట్లాడేది బయట ఎక్కడో కాదు, అదే కంప్యూటర్ లోపల, 127.0.0.1 మీద. నా సూట్ దాన్ని కూడా అపరిచితుడి కింద కట్టేది, చేత్తో పర్మిషన్ ఇస్తే గానీ వదిలేది కాదు. ప్రింటర్ సంగతీ అంతే, ఇంట్లో రౌటర్ మార్చిన రోజున ప్రింటర్, షేర్ చేసిన టాలీ ఫోల్డర్ రెండూ కనబడకుండా పోయాయి, కొత్త రౌటర్ దానికి పబ్లిక్ ప్లేస్ అయింది మరి.

ఇప్పుడు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్, విండోస్ ఫైర్‌వాల్ మీదే నడుస్తున్నాను. ఈ ఫైర్‌వాల్ కొత్తదేమీ కాదు, 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచే విండోస్‌లో ముందే ఆన్ చేసి వస్తోంది. బయటి నుంచి పిలవకుండా వచ్చేదాన్ని ఆపుతుంది, లోపలి నుంచి పోయేదాన్ని మామూలుగా వదిలేస్తుంది, డీహెచ్‌సీపీ లాంటి వాటికి ‘కోర్ నెట్‌వర్కింగ్’ పేరుతో రూల్స్ ముందే రాసి ఉంటాయి. కొత్త చోట పబ్లిక్ అని పెట్టినా నెట్ ఆగదు, షేరింగ్ మాత్రమే ఆగుతుంది, మనకి కావాల్సింది అదే. ఇంట్లో వైఫైకి ప్రైవేట్ పెట్టుకున్నాను, ప్రింటర్ వచ్చేసింది. పెన్‌డ్రైవ్‌ల విషయంలో మాత్రం పాత సూటే నయం, గుచ్చగానే డిఫెండర్ దానంతట అది మొత్తం స్కాన్ చేయదు, రైట్ క్లిక్ చేసి మనమే చేయించుకోవాలి. ఎప్పుడూ ఒకే టేబుల్ మీద, ఒకే రౌటర్‌కి ఉండే కంప్యూటర్ అయి, పెన్‌డ్రైవ్‌లు ఎక్కువ వచ్చే చోటైతే పాత సూట్ కొన్నా నష్టం లేదు, ఫైర్‌వాల్ భాగం ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే వదిలేసే ఆప్షన్ ఉందేమో చూసుకోండి.

తీసేసే ముందు కంపెనీ సైట్‌లో మీ అకౌంట్‌లోకి పోయి ఆటో రెన్యువల్ ఆపండి. ప్రోగ్రాం అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన అది ఆగదు, గడువు రాగానే కార్డు నుంచి డబ్బులు కట్ అవుతాయి.