పశువుల దొడ్డికి సరుగుడా, నల్లతుమ్మా?

ఎదిగిన ఒంగోలు ఆబోతు 500 కిలోల పైనే తూగుతుంది. మెడ దురదపెట్టి గుంజకేసి రుద్దుకుందంటే చాలు, దొడ్డి సత్తువ ఎంతో తెలిసిపోతుంది.

కోస్తాలో సరుగుడు చవక, దొరకడం తేలిక. తిన్నగా పెరుగుతుంది కాబట్టి చకచకా పాతేయొచ్చు. ముప్పంతా నేలమట్టం దగ్గరే. తడుస్తూ ఆరుతూ ఉండే ఆ జానెడు మేర ముందు చీకుతుంది, చెదలూ అక్కడే పడతాయి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, పశువు ఒరిగితే మొదలు దగ్గర పుటుక్కుమంటుంది.

నల్లతుమ్మ వంకరటింకర, పైగా బరువు. ఎండాక మేకు కొడితే మేకే వంగుతుంది. డ్రిల్లుతో బెజ్జం వేసి బోల్టు బిగించాలి. అయినా గుంజలకు నేను దాన్నే ఎంచుకుంటాను. బండికీ నాగలికీ మన పెద్దలు నమ్ముకున్న కర్ర అది. చేవదేరిన ముదురు మానే కొనండి, చేవ చుట్టూ ఉండే తెల్ల కర్రను పురుగు తొలిచేస్తుంది.

అడ్డకర్రలకు సరుగుడు చాలు. వాటిని గుంజలకు లోపలివైపే బిగించండి. పశువు తోసినప్పుడు కర్ర గుంజకు అదుముకుంటుంది. బయటివైపు కొడితే మేకులు ఊడొస్తాయి. తలుపు వేలాడే గుంజ మాత్రం ఎంత ఖర్చయినా తుమ్మదే వేయండి.