సెకోయా, క్లైనర్ పర్కిన్స్: ఒకే వీధి, ఒకే ఏడు. ఏది మేలు?

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. 1999లో గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇమిడ్చి చూపించారు. గూగుల్‌కి అప్పటికి చెప్పుకోదగ్గ ఆదాయం లేదు. అయినా సిలికాన్ వ్యాలీలో బాగా పేరున్న రెండు వెంచర్ క్యాపిటల్ సంస్థలు (కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టేవి), సెకోయా క్యాపిటల్, క్లైనర్ పర్కిన్స్, రెండూ వాటా కోసం వచ్చాయి. పక్కవాడితో పంచుకోవడం రెండింటికీ ఇష్టం లేదు. కుర్రాళ్లు మాత్రం రెండు సంస్థలూ కలిసి వస్తేనే రండి, లేకపోతే వద్దన్నారు. చివరికి చెరో 1.25 కోట్ల డాలర్లు పెట్టి పక్కపక్కన కూర్చోక తప్పలేదు.

ఈ రెండింటినీ పోల్చడం నాకు ఇష్టం. ఎందుకంటే రెండూ 1972లోనే పుట్టాయి, రెండూ కాలిఫోర్నియాలో మెన్లో పార్క్‌లోని శాండ్ హిల్ రోడ్ పేరుతో పెరిగాయి. కాలం, చోటు, పోటీ అన్నీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వచ్చిందో కాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు ఒక మాట. ఈ సంస్థలు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం వాళ్లది కాదు. యూనివర్సిటీల నిధులు, పెన్షన్ ఫండ్లు, ధర్మసంస్థలు ఇచ్చేది. మామూలుగా పదేళ్ల గడువు. నిర్వహణకు ఏటా రెండు శాతం దాకా, లాభంలో ఇరవై శాతమో అంతకు మించో వీళ్లకి వస్తుంది. పెట్టిన కంపెనీల్లో చాలావరకు మునుగుతాయి, ఒకటో రెండో మిగతా అన్నిటి నష్టాన్నీ పూడ్చి లాభం తెస్తాయి. కాబట్టి ఆ ఒకటీ రెండూ ఎలా పట్టుకున్నారన్నదే అసలు లెక్క.

సెకోయా పెట్టిన డాన్ వాలెంటైన్ అమ్మకాల మనిషి. ఫెయిర్‌చైల్డ్, నేషనల్ సెమీకండక్టర్ కంపెనీల్లో చిప్‌లు అమ్మి పైకొచ్చాడు. ఆయన ముందు చూసేది సరుక్కి బజారు ఎంతుందన్నది. కొనేవాళ్లు క్యూ కట్టే చోట కంపెనీ నడిపేవాడు కాస్త అటూ ఇటూ అయినా నడిచిపోతుందన్నది ఆయన లెక్క. మనిషి సరిగ్గా లేకపోతే తర్వాత మార్చుకోవచ్చు!

ఈ మార్చడం ఎలా ఉంటుందో సిస్కోలో తెలిసింది. లెన్ బోసాక్, శాండీ లెర్నర్ స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. రకరకాల కంప్యూటర్ నెట్‌వర్క్‌లను కలిపే రౌటర్లు అమ్ముతున్నారు. చాలామంది పెట్టుబడిదారులు వాళ్లని తిప్పి పంపేశారు. వాలెంటైన్ మాత్రం సరుకు ఎంత జోరుగా పోతోందో చూశాడు. 1987లో 25 లక్షల డాలర్లు పెట్టి దాదాపు మూడో వంతు వాటా తీసుకున్నాడు, దాంతోపాటు మేనేజ్‌మెంట్‌ని నియమించే అధికారం కూడా. 1988లో జాన్ మోర్‌గ్రిడ్జ్‌ని సీఈఓగా తెచ్చాడు. 1990 ఫిబ్రవరిలో కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లింది. అదే ఆగస్టులో లెర్నర్‌ని తీసేశారు, ఆమెతో పాటు భర్తా బయటికి నడిచాడు. సెకోయా లాభాల చరిత్రలో ఇది బంగారు పేజీ. కంపెనీని కన్నవాళ్ల వైపు నుంచి చదివితే మరో రంగులో కనిపిస్తుంది. మంచి కంపెనీ అయిందిగా అని సర్దిచెప్పేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను.

వాలెంటైన్ లెక్కా ప్రతిసారీ సరిపోలేదు. 1978లో యాపిల్‌లో లక్షన్నర డాలర్లు పెట్టి, మరుసటి ఏడే సుమారు 60 లక్షలకి అమ్మేశాడు. ఏడాదిలో నలభై రెట్లు. కానీ 1980 డిసెంబర్‌లో యాపిల్ షేర్ మార్కెట్‌లో లిస్టయింది. ఆ తర్వాత కథ మనందరికీ తెలుసు.

ఇక అవతలి ఇల్లు. యూజీన్ క్లైనర్ వియన్నాలో పుట్టిన ఇంజనీర్. 1957లో షాక్లీ సెమీకండక్టర్ ల్యాబ్ నుంచి బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ స్థాపించిన ఎనిమిది మందిలో ఒకడు. టామ్ పర్కిన్స్ హ్యూలెట్ ప్యాకార్డ్‌లో కంప్యూటర్ వ్యాపారం నడిపినవాడు. వీళ్ల మొదటి ఫండ్ 80 లక్షల డాలర్ల పైచిలుకు. మొదట్లో పెట్టినవాటిలో కొన్ని వింటే నవ్వొస్తుంది: మోటార్‌సైకిల్‌ని మంచు మీద నడిచే బండిగా మార్చే సామగ్రి, అరిగిన టెన్నిస్ బూట్లకి కొత్త అడుగులు వేసే వ్యాపారం. రెండూ పోయాయి.

దాంతో రూటు మార్చారు. ఎవరో వచ్చి తలుపు తట్టేదాకా ఆగకుండా, తమ ఆఫీసులోనే కుర్రాళ్లని పెట్టుకుని కంపెనీలు పుట్టించారు. 1974లో జిమ్మీ ట్రైబిగ్ చేత టాండెమ్ పెట్టించారు. ఒక భాగం చెడిపోయినా ఆగకుండా నడిచే కంప్యూటర్లు దాని సరుకు. తర్వాత 1976లో బాబ్ స్వాన్సన్. క్లైనర్ పర్కిన్స్‌లో ఉద్యోగం పోయిన ఈ కుర్రాడు, శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రొఫెసర్ హెర్బర్ట్ బోయర్‌ని పట్టుకుని, జన్యువులు అతికించి బ్యాక్టీరియా చేత ఇన్సులిన్ తయారు చేయిద్దామన్నాడు. ల్యాబ్ కట్టడానికి చాలా డబ్బు కావాలి, అసలు పని జరుగుతుందో లేదో కూడా తెలీదు.

పర్కిన్స్ గొప్పతనం ఇక్కడే ఉంది. ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదమైన ప్రశ్న ఏది? దానికి అతి తక్కువ ఖర్చుతో ముందు జవాబు తెలుసుకుందాం అన్నాడు. ల్యాబ్ కట్టొద్దు, ప్రయోగాల్ని యూనివర్సిటీలకీ సిటీ ఆఫ్ హోప్ పరిశోధన కేంద్రానికీ కాంట్రాక్ట్ ఇవ్వండన్నాడు. మొదట ఇచ్చింది లక్ష డాలర్లు. 1977లో సొమాటోస్టాటిన్ అనే చిన్న హార్మోన్ తయారైంది, 1978లో మనిషి ఇన్సులిన్. స్వాన్సన్, బోయర్ పెట్టిన ఈ కంపెనీ, జెనెన్‌టెక్, 1980 అక్టోబర్‌లో 35 డాలర్ల ధరకి లిస్టయితే, గంట తిరక్కముందే షేరు 88 తాకింది. బయోటెక్ అనే పరిశ్రమకి దారి వేసింది ఇదే. సెకోయా అప్పటిదాకా చేసిన పనుల్లో దేన్నీ దీని పక్కన పెట్టలేం. వాలెంటైన్ ఉన్న బజార్లని వెతికాడు, పర్కిన్స్ లేని బజారునే పుట్టించాడు. మొదటి పదేళ్లకి నా ఓటు క్లైనర్‌కే.

తొంభైల్లో ఇద్దరికీ పంట పండింది. క్లైనర్‌లో జాన్ డోర్ 1994లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో 50 లక్షలు, 1996లో అమెజాన్‌లో 80 లక్షల డాలర్లు పెట్టించాడు. సెకోయాలో మైకేల్ మోరిట్జ్ 1995లో యాహూలో 10 లక్షలు పెట్టాడు. మోరిట్జ్ అంతకుముందు టైమ్ పత్రిక విలేకరి. ఇంజనీరింగ్ రానివాడికి ఇంత దృష్టి ఎలా అబ్బిందని ఈర్ష్య పడినవాళ్లు ఆ వీధిలో తక్కువేం కాదు.

దారులు విడిపోయింది తర్వాత. వాలెంటైన్ 1990ల మధ్యలోనే తాళంచెవులు మోరిట్జ్, డగ్ లియోన్ చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. సెకోయా మనుషులు పట్టిన వాటిలో యూట్యూబ్, వాట్సాప్, ఎయిర్‌బీఎన్‌బీ ఉన్నాయి. వాట్సాప్‌లో పెట్టిన వెంచర్ సంస్థ సెకోయా ఒక్కటే. సుమారు 6 కోట్ల డాలర్లు పెట్టింది, 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని 1,900 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది.

క్లైనర్‌లో అంతా డోర్ చుట్టూ తిరిగింది. భాగస్వామి వినోద్ ఖోస్లా 2004లో సొంత సంస్థ పెట్టుకుని వెళ్లాడు. డోర్ మనసు స్వచ్ఛ ఇంధనం మీదికి మళ్లింది, 2007లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ భాగస్వామిగా చేరాడు. ఉద్దేశం గొప్పదే. కానీ సాఫ్ట్‌వేర్‌కి అలవాటైన పదేళ్ల ఫండ్‌తో ఫ్యాక్టరీలు కట్టాలంటే గడువూ చాలదు, డబ్బూ చాలదు. పైగా 2008 సంక్షోభం వచ్చింది, చైనా సోలార్ ప్యానెళ్ల ధరలు పడిపోయాయి, అమెరికాలో రాతిపొరల నుంచి తీసే షేల్ గ్యాస్ చవకైంది. క్లైనర్ పెట్టిన వాటిలో సోలార్ కంపెనీ మియాసోలే చవగ్గా చేతులు మారింది, ఫిస్కర్ కార్ల కంపెనీ 2013లో దివాలా తీసింది. ఎన్‌ఫేజ్, బ్లూమ్ ఎనర్జీ లాంటివి నిలదొక్కుకున్నాయి గానీ, ఈలోగా మొబైల్, సోషల్ మీడియా రైలు కదిలిపోయింది. ట్విట్టర్, ఫేస్‌బుక్‌లలో క్లైనర్ ఎక్కేసరికి టికెట్టు ధర ఆకాశంలో ఉంది. ప్రమాదకరమైన ప్రశ్నకి ముందు చవగ్గా జవాబు వెతకమన్న పర్కిన్స్ పాఠాన్ని ఆయన ఇంట్లోనే మరిచారు.

క్లైనర్‌లో పనిచేసిన ఎలెన్ పావ్ 2012లో వేసిన లింగ వివక్ష కేసులో 2015లో జ్యూరీ క్లైనర్ పక్షానే తీర్పిచ్చినా పరువు కొంత పోయింది. అలాగని సెకోయాకి ఈ విషయంలో మార్కులేం రావు. అమెరికాలో తన మొదటి మహిళా పెట్టుబడి భాగస్వామిని తీసుకున్నది 2016లో. క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఎఫ్‌టీఎక్స్‌లో పెట్టిన 21 కోట్ల డాలర్ల పైచిలుకు 2022 నవంబర్‌లో సున్నా అని రాసుకుందీ సెకోయానే.

మన వాళ్లకి సెకోయా పేరు ఎక్కువ తెలియడానికి కారణం, 2006లో వెస్ట్‌బ్రిడ్జ్ అనే పెట్టుబడి సంస్థని కలుపుకుని ఇండియాలో గట్టిగా పాతుకుపోవడం. హైదరాబాద్‌లోని హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ డార్విన్‌బాక్స్‌లో 2019లో పెట్టింది ఈ ఇండియా శాఖే. 2023లో అది విడిపోయి పీక్ ఎక్స్‌వీ అయింది. ఎవరెస్ట్‌కి తొలినాళ్లలో ఉన్న పేరట అది.

యాభై ఏళ్ల లెక్క చూస్తే, డబ్బు అప్పగించేవాడిగా నేను సెకోయాకే ఇస్తాను. వారసులకి సమయానికి తాళాలివ్వడం దాని అసలు బలం. కంపెనీ పెట్టేవాడినైతే మాత్రం, సంతకం చేసే ముందు మేనేజ్‌మెంట్‌ని మార్చే అధికారం ఎవరి దగ్గరుందో రెండుసార్లు చదువుకుంటాను. ల్యాబ్‌లో ఇంకా తేలని ఆలోచన చేతిలో ఉంటే 1976 నాటి క్లైనర్ కావాలి నాకు. అది ఇప్పుడు దొరకదు.

అయితే క్లైనర్ పని అయిపోయిందనీ అనలేం. 2017లో చేరిన మమూన్ హమీద్ దాన్ని మళ్లీ చిన్న, తొలిదశ ఫండ్‌గా మార్చాడు. 2018లో డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫిగ్మాలో 2.5 కోట్ల డాలర్ల పెట్టుబడి విడతకి ముందుండి నడిపింది క్లైనర్. మరుసటి ఏడు 4 కోట్ల డాలర్ల విడతకి ముందు నిలిచింది సెకోయా. 2025 జులైలో ఫిగ్మా 33 డాలర్లకి లిస్టయి, మొదటి రోజే 115 దాటి ముగిసింది. గూగుల్ తర్వాత మళ్లీ అవే రెండు కత్తులు, ఒకే ఒర. ఈసారి ఏడాది ముందు దూరింది క్లైనర్.