ఇటలీ కొండ ఊళ్లకు అద్దె కారు: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ ఆపాలి

ఫ్లోరెన్స్, రోమ్ చూసి వచ్చేస్తామంటే అద్దె కారు జోలికి పోకండి, రైలు చాలు. ఆ రెండింటి మధ్య ఉన్న సాన్ జిమిన్యానో, సియెనా, పియెంజా, అసీసీ, ఒర్వియెతోలను తీరుబడిగా చూడాలనుకునే దంపతులకు మాత్రం ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అన్నీ చుట్టి రోమ్ ఫియుమిచీనో ఎయిర్‌పోర్టు చేరేసరికి 500 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. విజయవాడ నుంచి తిరుపతికి ఒక్క పూటలో తోలేవాళ్లకు ఇదొక లెక్కా అనిపిస్తుంది. ఎనిమిది తొమ్మిది రోజులు పెట్టుకోండి. రోజూ సూట్‌కేసులు సర్దే పని లేకుండా సియెనా దగ్గర, అసీసీ దగ్గర, ఒర్వియెతోలో మూడు బసలు చాలు.

పని ఇక్కడే మొదలవుతుంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు ఫారం 4ఎ, వెయ్యి రూపాయల ఫీజు, లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాపీలతో మీ ఆర్టీఏ ఆఫీసుకే దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాది చెల్లుతుంది, అదీ అసలు లైసెన్సు గడువు లోపే. అక్కడ కౌంటర్లో పర్మిట్‌తో పాటు ఒరిజినల్ లైసెన్సు కార్డూ చూపాలి. మనవాళ్లకు చిక్కొచ్చేది పేరు దగ్గర. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, క్రెడిట్ కార్డు మీద అసలే ఉండదు. కౌంటర్లో మనిషి ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు. తేడా ఉంటే కారు ఇవ్వకపోవచ్చు, అప్పుడు ముందే కట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టం. పర్మిట్ మీదైనా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడేలా దరఖాస్తులోనే చూసుకోండి.

డిపాజిట్‌కు డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలి. ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. వెయ్యి యూరోల పైన బ్లాక్ అవడం మామూలే కాబట్టి అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, లిమిట్ చూసుకుని వెళ్లండి. మెషిన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయల్లో కడితే మారకం రేటు వాళ్లిష్టం.

కారు చిన్నదే తీసుకోండి. ఫియట్ పాండా డిక్కీ 225 లీటర్లు, అందులో ఒక పెద్ద సూట్‌కేసు, ఒక క్యాబిన్ బ్యాగు పడతాయి. రెండో పెద్ద పెట్టె వెనక సీట్లోకి వస్తుంది, బయటికి కనబడే పెట్టె దొంగను పిలుస్తుంది. మేం మాత్రం చిన్న హైబ్రిడ్ ఆటోమేటిక్‌నే గట్టిగా సిఫారసు చేస్తాం. కుడిచేత్తో గేరు మారుస్తూ రాతి సందుల్లో ఎత్తెక్కడం మొదటిరోజే క్లచ్ మీద పడుతుంది, కాలిపోయిన క్లచ్‌కు మామూలు ఇన్సూరెన్సు వర్తించదు. ఆటోమేటిక్ అద్దె ఎక్కువే, బండ్లూ తక్కువే, కాబట్టి ముందే బుక్ చేయాలి.

ఇన్సూరెన్సు దగ్గరే ఈ సేవలో అసలు మెలిక ఉంది. బుకింగ్‌లో కలిసి వచ్చే పాలసీలో మొదటి వెయ్యి, రెండు వేల యూరోల నష్టం మీ నెత్తినే. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం చాలాసార్లు అందులోకి రానే రావు. బయటి సంస్థల దగ్గర చవగ్గా దొరికే పాలసీ మంచిదే కానీ డిపాజిట్ ఎలాగూ బ్లాక్ అవుతుంది, ముందు మీరు కట్టి తర్వాత క్లెయిం చేసుకోవాలి. కుడివైపు రోడ్డు కొత్తయిన వాళ్లు అద్దె కంపెనీ ఇచ్చే జీరో ఎక్సెస్ కవరే (నష్టంలో మీ వాటా ఏమీ లేని పాలసీ) తీసుకోవాలని మా అభిప్రాయం. కారణం ఉంది. మనం కుడి సీటులో కూర్చుని తోలడానికి అలవాటుపడ్డాం. ఎడమ సీటులో కూర్చున్నా ఒళ్లు అదే జాగా వెతుక్కుంటుంది, దాంతో కారు తెలియకుండానే కుడికి జరుగుతుంది. గోడకు గీసుకునేదీ, ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకునేదీ కుడి అద్దమూ కుడి చక్రాలే. మొదటి రెండు రోజులూ పక్కసీటులో ఉన్నవాళ్లు ఫోన్ వదిలేసి కుడి అంచును కనిపెట్టి చెబుతుండాలి. ఇండికేటర్ కాడ కూడా ఎడమవైపు ఉంటుంది. మారుతి, హ్యుందాయ్ తోలే చెయ్యి మలుపు వచ్చినప్పుడల్లా వైపర్ వేస్తుంది. రౌండ్ అబౌట్‌లో ఎడమ నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి.

కారు ఫ్లోరెన్స్ ఊళ్లో తీసుకోవద్దు. ఊరు చూడటం అయ్యాక టీ2 ట్రామ్ ఎక్కి ఎయిర్‌పోర్టుకెళ్లి అక్కడ తీసుకోండి. చిన్న ఊళ్లలోని ఆఫీసులు మధ్యాహ్నం రెండు మూడు గంటలు, ఆదివారమైతే రోజంతా మూసేస్తుంటాయి, ఎయిర్‌పోర్టులో ఆ బాధ తక్కువ. తాళం చేతికి రాగానే చక్రాల రిమ్ములు, కింది బంపరు, అద్దాలు, ఫ్యూయల్ మీటరు కలిపి ఒకే వీడియో తీయండి. స్టెప్నీ ఉందో, ఉత్త పంక్చర్ కిట్టేనో కూడా చూసుకోండి.

ఇక జెడ్‌టీఎల్. పాత ఊళ్ల నడిబొడ్డున బయటి కార్లకు ప్రవేశం లేని ప్రాంతం ఇది. ఎర్ర వలయంలో తెల్ల గుండ్రం ఉన్న బోర్డు, పైన కెమెరా ఉంటాయి. గేటు ఉండదు, ఆపే పోలీసూ ఉండడు, అందుకే మనవాళ్లు ముందు కారు వెనకాలే పోతారు. ఎలక్ట్రానిక్ బోర్డు మీద ‘వార్కో అత్తీవో’ అని ఉంటే వెళ్లకూడదు. జరిమానా 83 యూరోల నుంచి మొదలు. మ్యాప్ యాప్ చాలాసార్లు లోపలికే దారి చూపిస్తుంది. అందుకని హోటల్ పేరు కొట్టకుండా పాత ఊరి కోటగోడ బయటి పార్కింగ్ పేరు కొట్టండి. హోటల్ లోపలే ఉంటే మీ కారు నంబరు పోలీసులకు నమోదు చేయిస్తారేమో ముందే అడగండి.

సియెనాలో సాంతా కాతెరీనా పార్కింగ్ పెట్టుకోండి. కింద కారు వదిలేసి ఎస్కలేటర్ ఎక్కితే కథెడ్రల్ దరిదాపుల్లో తేలతారు. జులై 2, ఆగస్టు 16న పాలియో గుర్రప్పందాలు, ఆ రోజుల్లో కారుతో అటు పోవద్దు. సాన్ జిమిన్యానోలో ఒకప్పుడు 72 గోపురాలుండేవంటారు, ఇప్పుడున్నవి 14. అక్కడ పీ1 పార్కింగ్ కాస్త దూరమే కానీ చవక, ఉదయం 10 లోపు చేరాలి. అసీసీలో మొయానో పార్కింగ్ నుంచి కూడా ఎస్కలేటర్ ఉంది. అన్నిటికంటే సుఖం ఒర్వియెతో. కొండ కింద కాంపో దెల్లా ఫియెరాలో కారు పెడితే లిఫ్టు, ఎస్కలేటర్ల మీద ఊళ్లోకి వెళ్లిపోవచ్చు. అక్కడి సాన్ పాత్రిత్సియో బావిని తప్పక చూడండి. 1527లో రోమ్ దోపిడీ తర్వాత ఒర్వియెతోలో తలదాచుకున్న పోప్ క్లెమెంట్ 7, ముట్టడి వస్తే నీళ్లకు కరువు రాకూడదని తవ్వించాడు. దిగే కంచర గాడిదలు, ఎక్కే కంచర గాడిదలు ఎదురుపడకుండా ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు మెట్ల దారులు కట్టారు. 248 మెట్లు దిగాలి, అన్నీ మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనుంచే చూడటం మేలు.

వీధి పార్కింగ్‌లో తెల్ల గీతలు ఉచితం, నీలం గీతలకు డబ్బు, పసుపు గీతల్లో ఆపొద్దు.

పెట్రోలు బంకులో కుర్రాడు వచ్చి పోసే వరుస ఉంటుంది కానీ అక్కడ లీటరు ధర ఎక్కువ. ‘ఫాయ్ దా తే’ అని రాసిన పంపు దగ్గర మీరే పోసుకోవాలి. ముందు మెషిన్లో కార్డో నోటో పెట్టి పంపు నంబరు నొక్కండి. నోటు పెడితే చిల్లర రాదు. మామూలుగా ఆకుపచ్చ గొట్టం పెట్రోలు, నల్లది డీజిల్, అయినా పేరు చదివాకే పట్టుకోండి. తప్పు నూనె పోస్తే ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది. ఫ్లోరెన్స్–సియెనా హైవేకి టోల్ లేదు. ఒర్వియెతో నుంచి రోమ్‌కు ఏ1 టోల్ హైవే మీద ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట కట్టాలి. టికెట్ పోగొట్టుకుంటే అన్నిటికన్నా దూరపు గేటు నుంచి వచ్చినట్టు లెక్కేస్తారు.

తిండికి వంటగది ఉన్న బస మంచిది. కారప్పొడి, గోంగూర పచ్చడి పెట్టుకోండి కానీ నెయ్యి వద్దు, యూరప్‌లోకి పాల పదార్థాలు రానివ్వరు. హోటళ్లలో వంట మధ్యాహ్నం 2:30కి ఆగితే మళ్లీ రాత్రి 7:30కే.

కారు అప్పగించేటప్పుడు దగ్గర్లోనే ట్యాంకు నింపి బిల్లు దాచండి. సిబ్బంది చూసి సంతకం పెట్టిన కాగితం తీసుకోండి. కొన్ని నెలల తర్వాత కార్డులో చిన్న మొత్తం కోతపడితే అది జరిమానా కాదు, మీ చిరునామా పోలీసులకిచ్చినందుకు అద్దె కంపెనీ తీసుకునే ఛార్జీ. అసలు నోటీసు పోస్టులో ఇంటికొస్తుంది. అందిన 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది, కాబట్టి ఇంట్లోవాళ్లకు ఆ కవరు సంగతి చెప్పి ఉంచండి.