అమ్మ పన్నుకి టైటానియమా, జిర్కోనియానా?

అమ్మకి ఊడిన పన్ను చోట ఇంప్లాంటు, అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిమీద కొత్త పన్ను పెట్టించాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర పళ్ల డాక్టరు గారు అలాంటి రెండు స్క్రూలు అరచేతిలో పెట్టారు. ఒకటి బూడిదరంగు టైటానియం, ఇంకోటి సుద్దముక్కలా తెల్లటి జిర్కోనియా, అంటే సిరామిక్.

టైటానియాన్ని 1965లోనే స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు మనిషి దవడలో పెట్టారు, అంత అనుభవం ఉన్న సరుకు. పైగా మామూలుగా ఎముకలోకి స్క్రూ, దానిపైన పన్నుని మోసే ముక్క అని రెండు ముక్కలుగా వస్తుంది కాబట్టి స్క్రూ కాస్త వంకరగా కూర్చున్నా పైముక్కతో సర్దేయొచ్చు. జిర్కోనియా ఎక్కువగా ఒకే ముక్క, ఆ వెసులుబాటు తక్కువ, కాస్త పెళుసు కూడా. అందం మాత్రం దానిదే! చిగురు పల్చగా ఉండే ముందు పన్నుకైతే లోహపు నీడ కనబడదు, నేనైతే అక్కడ దానికే ఓటేస్తాను.

అమ్మది వెనక దవడ పన్ను, జంతికలు మానదు. "లోపల ఎవరు చూస్తార్రా" అంది. టైటానియమే ఖాయం చేశాం. ఏ స్క్రూ అయినా ఎముకకి గట్టిగా అతుక్కోవడానికి కొన్ని నెలలు ఆగాల్సిందే.