వాన ముఖం చాటేస్తే వరా? చోళ్లా?

ఆగస్టు సగమైపోయింది. నారుమడిలో ఆకు కొసలు పసుపెక్కాయి, మడిలో అరికాలు పట్టేంత బీటలు. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట పల్లెల్లో అప్పుడు మొదలయ్యే టెన్షన్ ఇదే.

విత్తనం: వరికి ఎకరాకు 20 కిలోలకు పైనే. చోళ్లకు, అంటే రాగులకు, మూడు నాలుగు కిలోలు చాలు.

నీరు: వరికి మడి నిండాలి. చోడి మొక్క వారం పది రోజుల ఎండకి వాడినా, ఒక్క జల్లుతో తేరుకుంటుంది.

ధర: 2025-26 మద్దతు ధర క్వింటాకు సాధారణ రకం ధాన్యానికి రూ.2,369, రాగులకు రూ.4,886. చూడగానే చోళ్లే మేలనిపిస్తాయి. కానీ దిగుబడి తక్కువ. పైగా ధాన్యం కొన్నంత చురుగ్గా చోళ్లు కొనేవాళ్లు ఊళ్లో దొరకరు.

రిస్క్: అసలు చిక్కంతా ఇక్కడే. ఆలస్యంగా ఉభాలు (వరి నాట్లు) వేస్తే పంట తుఫాన్ల నెలల్లో పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీని చూసినవాళ్లకి వేరే చెప్పాలా?

కూలి: ఉభాలు ఆగితే ఆడవాళ్ల కూలి డబ్బులు పోతాయి. చోళ్లు ఆ లోటు పూర్తిగా తీర్చవు. ఆ ఇళ్లలో మగవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో రైలెక్కుతారు. లెక్కలేసేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు.

చెరువు మదుము (తూము) కింద పల్లపు మడి, నారు ఇంకా పచ్చగా ఉంటే వరే వేయండి. నీరు నిలవని మెట్టకి మాత్రం చోళ్లే. విజయనగరం పరిశోధన స్థానం ఇచ్చిన వేగావతి రకం దొరుకుతుందేమో అడగండి. రెండు రకాల భూమీ ఉన్నవాళ్లు నారు ఉన్నంత మేరే ఉభాలు వేసి, మిగతాది చోళ్లకి వదిలేయొచ్చు.